రంగూన్ రేవులో పట్టుకున్న చెయ్యి

మా నాన్నగారు కంకిపాడు దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులు. నేను బెజవాడ ఆసుపత్రి ఒకదానిలో నర్సు పని నేర్చుకుని, అక్కడే ఉద్యోగం చేస్తూ ఉండేదాన్ని. రంగూన్‌లో ఒక ఆసుపత్రికి తెలుగు మాట్లాడే నర్సు కావాలని కబురు వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. అక్కడి రేవుల్లో మూటలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు చాలామంది మనవాళ్ళే. జబ్బుచేసి ఆసుపత్రికి వస్తే నొప్పి ఎక్కడో చెప్పుకోవడానికి కూడా భాష లేక అవస్థ పడుతున్నారట. మేట్రన్ గారు నన్ను పిలిచి వెళ్తావా అని అడిగారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. కానీ ఆ మాట అంటూండగానే వెళ్ళడానికి నిశ్చయించుకున్నాను.

ఇంట్లో అమ్మ రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. మా పెదనాన్న ఉయ్యూరు నుంచి పనిగట్టుకుని వచ్చి, "పెళ్ళి కావలసిన పిల్లని సముద్రం దాటిస్తావా? రేపు ఎవడు చేసుకుంటాడు?" అని నాన్నగారి మీద కేకలేశాడు. అప్పటికి ఇంగ్లీషువాళ్ళ సీమలో జర్మనీతో యుద్ధం మొదలైంది. అయినా అది ఎక్కడో జరుగుతున్న సంగతిగానే ఉండేది మాకు. నాన్నగారు అందరి మాటలూ విని, చివరికి నన్నే అడిగారు.

"నీకు భయం లేదా అమ్మా?"

"ఉంది నాన్నా."

"ఉంటే మంచిదే. వెళ్ళు" అన్నారు.

బెజవాడలో రైలెక్కి చెన్నపట్నం దాకా నాతో వచ్చారు. దారి పొడుగునా జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు. ఎవరేమి పెట్టినా తినవద్దు, ఎవరినీ వెంటనే నమ్మవద్దు, పెట్టె మీద నుంచి చెయ్యి తీయవద్దు. రేవు చేరేసరికి ఆ జాగ్రత్తలన్నీ అయిపోయాయి. ఓడ కదిలినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో పిల్లల ముందు నిలబడినట్టే నిలబడ్డారు.

కృష్ణ నీళ్ళూ కాలవ నీళ్ళూ తప్ప ఎరగనిదాన్ని నేను. మొదటి రోజు కళ్ళు తిరిగి పడుకున్నాను. రెండో రోజు ఉదయం లేచి వచ్చి చూస్తే చుట్టూ ఎటుచూసినా నీళ్ళు తప్ప మరేమీ లేదు. ఆ ఓడలో నేను ఎవరి కూతుర్నో, ఏ పేట పిల్లనో ఎవరికీ తెలియదు. ఎక్కడికి వెళ్తున్నావని నిలదీసేవాళ్ళు లేరు. గాలికి కొంగు ఎగిరిపోతుంటే పట్టుకోవాలని కూడా అనిపించలేదు. అంత సంతోషం అంతకు ముందు నేనెరగను. తరువాత ఎన్నో చూశాను కానీ ఆ ఉదయం ఇప్పటికీ నా మనసులో అలాగే ఉంది.

ఆ రోజే డెక్కు మీద ఒక అమ్మాయి కనిపించింది. నాకంటే చిన్నది. మూట ఒళ్ళో పెట్టుకుని, సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంది. పలకరిస్తే మన యాసే. బందరు వైపు నేతపని చేసే కుటుంబం. చిన్నప్పుడే పెళ్ళయిందట. కాపురానికి వెళ్ళిన కొద్ది నెలలకే మొగుడు కూలికోసం రంగూన్ వెళ్ళిపోయాడట. ఏళ్ళు గడిచినా కబురు లేదు. ఇన్నాళ్ళకు పిలిపించుకున్నాడని చెప్పింది.

"పిలిపించాడని నీకెవరు చెప్పారు?"

"ఈయనేనండీ. మా పక్కూరాయన. రంగూన్‌లో మా ఆయన్ని చూశాడంట. మా నాన్న ఈయన చేతుల్లో పెట్టి పంపాడండీ."

కొంచెం దూరంలో శుభ్రమైన చొక్కా వేసుకున్న నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. నేను ఆమెతో మాట్లాడటం చూసి లేచి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆమె భర్త ఎక్కడ పనిచేస్తున్నాడని అడిగాను.

"రైల్వే వర్కుషాపులోనండీ" అన్నాడు.

ఆ అమ్మాయి తల పైకెత్తింది. "బియ్యం మిల్లన్నారుగదండీ మా నాన్నతో?"

"ముందు మిల్లులోనే. ఇప్పుడు మారాడు" అని, ఆమెను భోజనానికి పిలుచుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత నా పక్కకు రానివ్వలేదు.

అదే డెక్కు మీద కూలీలను తీసుకువెళ్ళే మేస్త్రి ఒకడు భార్యతో ప్రయాణం చేస్తున్నాడు. ఆవిడ పెద్దావిడ, ఈ దారిలో చాలాసార్లు తిరిగిన మనిషి. నేను ఆ అమ్మాయి సంగతి కదిపితే ఆవిడ వక్క కొరుకుతూ చుట్టూ ఒకసారి చూసింది. తరువాత మెల్లగా అంది.

"నాతో అక్క కూతురని చెప్పాడమ్మా. పోయినేడు కూడా ఇతన్ని చూశాను. అప్పుడూ ఎనక ఓ పిల్ల ఉంది. అప్పుడూ అక్క కూతురే."

"మరి ఆ పిల్ల ఏమైంది?"

"రేవులో దిగేదాకానే చూశాను. ఆ తరవాత నాకేం తెలుసు?" అని ముఖం తిప్పుకుంది.

అనుమానం తప్పయితే? నిజంగానే మొగుడు రేవులో ఎదురుచూస్తుంటే, నడుమ నేనెవరిని? నిజమయితే మాత్రం ఏం చెయ్యగలను? నేనూ ఒంటరి ఆడదాన్నే. నాన్నగారు చెప్పిన జాగ్రత్తలన్నీ నన్ను నేను కాపాడుకోవడానికి. ఇంకొకరి కోసం ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

రంగూన్ రేవులో ఓడ ఆగినప్పుడు అందరూ ఒక్కసారిగా మెట్ల వైపు తోసుకున్నారు. ఆ తోపులాటలో ఆ అమ్మాయి నా పక్కకు వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. అలా పట్టుకునే కిందికి దిగాను. ఆసుపత్రి నుంచి నాకోసం ఒక పెద్ద నర్సు వచ్చి నిలబడి ఉంది. ఆ పక్కూరి మనిషి వెనకనుంచి పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? నా పిల్లను వదలండి."

నాకెక్కడినుంచి వచ్చిందో ధైర్యం. రేవంతా వినబడేలా తెలుగులోనే అరిచాను.

"ఈ అమ్మాయి నీకేమవుతుంది? అక్క కూతురా, పక్కూరి పిల్లా? దీని మొగుడు ఏ మిల్లులో ఉన్నాడు? ఇప్పుడే చెప్పు, ఆసుపత్రి బండిలో అక్కడికే వెళ్దాం!"

మూటలు మోస్తున్న కూలీలు ఆగిపోయారు. అందరూ తెలుగువాళ్ళే. ఒకడు మూట దించి దగ్గరికి వచ్చి, "ఏంది బాబూ, ఆడపిల్ల అడుగుతుంటే చెప్పవే?" అన్నాడు. ఇంకా నలుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆ మనిషి నన్ను ఒకసారి చూసి, ఏదో గొణిగి, జనంలోకి జారుకున్నాడు. మళ్ళీ కనబడలేదు. ఆ అమ్మాయి మాత్రం ఏడవలేదు. "మా నాన్నకి తెలీదు" అని మాత్రం అంది. ఆ మాటే రెండు మూడుసార్లు అంది.

ఆసుపత్రిలో ఆమెకు ఆయా పని ఇచ్చారు. నా గది పక్కనే చిన్న గది. కొన్నాళ్ళకు ఆసుపత్రికి వచ్చే కూలీలను అడగ్గా అడగ్గా ఆమె భర్త జాడ తెలిసింది. నిజంగానే బియ్యం మిల్లులో ఉన్నాడు. ఒక ఆదివారం ఇద్దరం పడవలో నది దాటి వెళ్ళాం.

వెదురు ఇల్లు. గుమ్మంలో ఒక బర్మా ఆమె కూర్చుని చిన్నపిల్లకు జడ వేస్తోంది. పక్కనే ఇంకొక పసివాడు నేలమీద పడుకుని ఉన్నాడు. ఆమె మమ్మల్ని చూసి నవ్వి, లోపలికి రమ్మని చాప వేసి, టీ తెచ్చిపెట్టింది. ఇంతలో ఆయన వచ్చాడు. నా స్నేహితురాలిని చూసి ఎవరో పోల్చుకోలేకపోయాడు. ఎలా పోల్చుకుంటాడు, విడిచి వెళ్ళేనాటికి ఆమె చిన్నపిల్ల.

నేను నోరు తెరవబోతే ఆమె నా మోచెయ్యి నొక్కింది.

"మీ ఊరి దగ్గరోళ్ళమండీ. ఆసుపత్రిలో పనిచేస్తున్నాం. మీ అమ్మగారు బాగానే ఉన్నారని చెప్పిపోదామని వచ్చాం" అంది.

ఆయన తల దించుకుని కూర్చున్నాడు. తల్లి కళ్ళు కనిపిస్తున్నాయా అని అడిగాడు. కొంచెం మసకేనని ఆమె జవాబు చెప్పింది. టీ పూర్తిగా తాగి, పిల్ల జడ ఒకసారి చేత్తో సర్ది లేచింది. తిరిగి వచ్చేటప్పుడు పడవలో నేనే ఏడ్చాను. ఆమె నీళ్ళలోకి చూస్తూ, "మంచిదానిలాగే ఉందక్కా ఆవిడ" అంది. అప్పటిదాకా నన్ను ఏమండీ అని పిలిచేది. ఆ రోజు నుంచి అక్క అయ్యాను.

ఆ తరువాతి సంవత్సరమంత వెలుగు ఉన్న కాలం మా ఇద్దరి జీవితంలోనూ ఇంకొకటి లేదు. సెలవు పూట ట్రాము ఎక్కి చివరిదాకా వెళ్ళి, దిగకుండా అదే ట్రాములో తిరిగి వచ్చేవాళ్ళం. వానాకాలం అక్కడ వాన మొదలైతే ఎడతెరిపి ఉండదు. ఆ వానలో గొడుగు లేకుండా నడిచి, తడిసి ముద్దయి అక్కడి మేట్రన్ చేత చీవాట్లు తినేవాళ్ళం. ఆమె నా దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నేను ఆమె దగ్గర చీర చూసి నేతలో తప్పు పట్టడం నేర్చుకున్నాను. బర్మా ఆడవాళ్ళు అంగట్లో కూర్చుని వ్యాపారం చేస్తూ, మగవాళ్ళతో సమానంగా నవ్వుతుంటే చూసి ఆమె, "మా అమ్మ ఇది చూడాలి" అనేది.

క్రిస్మస్ రోజుల్లో జపానువాళ్ళు కూడా యుద్ధంలోకి దిగి రంగూన్ మీద బాంబులు వేశారు. జనం విమానాలను చూడడానికి వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. అది ఏమిటో వాళ్ళకు తెలియదు. ఆ రోజు ఆసుపత్రికి మోసుకొచ్చినవాళ్ళలో రేవు కూలీలే ఎక్కువ. నొప్పి ఎక్కడో చెప్పమని అడగవలసిన పని ఎవరి విషయంలోనూ కలగలేదు.

కొన్ని వారాల తరువాత గాయపడ్డవాళ్ళతో కలకత్తా వెళ్ళే ఓడలో నన్ను ఎక్కమని ఉత్తర్వు వచ్చింది. ఆయాలకు చోటు లేదన్నారు. మేట్రన్ నాకోసం పై అధికారి దగ్గరికి స్వయంగా వెళ్ళి ఆమెకు చోటు అడిగి, ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది.

"నువ్వెళ్ళక్కా. ఆ గాయాలోళ్ళకి నువ్వు కావాలి" అంది నా స్నేహితురాలు. "కూలీలుండే లైన్ల ఆడవాళ్ళు కొండదారిన మన దేశానికి నడిచి పోతున్నారు. వాళ్ళతో పోతాను. బెజవాడలో కలుద్దాం." బెజవాడ పక్కవీధిలో ఉన్నట్టు అంది. ఆసుపత్రి గేటు దగ్గర నా పెట్టె తానే ఎత్తి బండిలో పెట్టింది.

నేను క్షేమంగా ఇల్లు చేరాను. అమ్మ నా ముఖం తడుముతూ కూర్చుంది. బెజవాడ ఆసుపత్రిలో మళ్ళీ పనిలో చేరాను. కలకత్తా నుంచి వచ్చే బండ్లలో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళు దిగుతుంటే, వాళ్ళకు మందులివ్వడానికి స్టేషనుకు వెళ్ళేవాళ్ళం. ప్రతి బండి దగ్గరా ఆమె కోసం చూశాను. ఎండాకాలం గడిచిపోయింది. ప్రార్థనలో ఆమె పేరు తలచుకునేటప్పుడు నాన్నగారి గొంతు మారడం గమనించాను. ఆయన ఆశ వదిలేసుకున్నారని అర్థమైంది.

కాలవలకు నీళ్ళు వదిలిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వార్డులో ఉండగా, నాకోసం ఎవరో వచ్చారని చెప్పారు. వరండాలో గుండు చేయించినట్టు పొట్టి జుట్టుతో, పాదాలకు గుడ్డలు చుట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంది. నవ్వితే గానీ గుర్తుపట్టలేకపోయాను. దారిలో చిట్టగాంగులో జ్వరంతో నెలకు పైగా పడి ఉందట.

పాదాలు కడిగి కట్లు కట్టాను. దారి సంగతి ఆమె ఎక్కువ చెప్పలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం కాలవ గట్టున కూర్చున్నప్పుడు, ఆ ప్రవాహాన్ని చూసి, "ఇన్ని నీళ్ళు ఊరికే పోతున్నాయక్కా" అంది. పాదాల కట్లు సర్దుకుంటూ, "మొదట్లో పోయినోళ్ళని పూడ్చాం. తరవాత పూడ్చడం మానేశాం. చేతుల్లో సత్తువ లేదు" అంది. ఆ దారి గురించి ఆమె నోట నేను విన్నది అంతే.

కబురు పంపితే వాళ్ళ నాన్న వచ్చాడు. బక్కపలచని మనిషి. వరండా మెట్టు మీద కూర్చుని కూతురి పాదాల వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఆ పక్కూరోణ్ణి నమ్మానమ్మా" అన్నాడు చివరికి.

"తెలుసు నాన్నా."

"ఇంటికి పోదాం రా."

ఆమె వెళ్ళింది. అత్తగారిని కూడా చూసి వచ్చింది. చూపు పూర్తిగా పోయిన ఆ ముసలామెకు ఉన్నది ఉన్నట్టే చెప్పిందట. నీ కొడుకు నేను చూసినప్పుడు బాగున్నాడు, ఇద్దరు పిల్లలు, ఆడపిల్లకు నీ ముక్కే వచ్చింది అని. ముసలామె ఆ ముక్కు సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుందట. ఊళ్ళో మాత్రం సముద్రం దాటి, మొగుడు లేకుండా, జుట్టు లేకుండా తిరిగి వచ్చిన ఆడదాన్ని గురించి అనవలసినవన్నీ అన్నారు. తండ్రి మగ్గం దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా తగ్గారు. వానలు తగ్గే లోపలే ఆమె బెజవాడ తిరిగి వచ్చేసింది. మా ఆసుపత్రిలోనే పనిలో చేరి, నర్సు పరీక్షకు చదివి, రెండోసారికి ప్యాసయింది.

యుద్ధం ముగిశాక సింగపూర్ ఆసుపత్రిలో పనికి నన్ను పిలిచారు. అమ్మ ఈసారి అన్నం మానలేదు కానీ, "అంత చూశాక కూడానా?" అంది. చూసినవన్నీ తలుచుకున్నా మళ్ళీ ఆ డెక్కు మీద ఒక ఉదయం లేవాలనిపించింది, అంతే. నాతో రమ్మని నా స్నేహితురాలిని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నడిచింది చాలు అంది.

బెజవాడ స్టేషనుకు నన్ను దిగబెట్టడానికి వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలో నా సామాను సర్ది, కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడింది.

"దిగేచోట నిన్ను పేరుపెట్టి పిలిచే మనిషి ఎవరన్నా ఉన్నారా?"

"ఉన్నారు."

"నీకు తెలిసిన మనిషేనా?"

"బెజవాడలో నాతో చదువుకున్న ఆవిడే."

"అయితే వెళ్ళిరా" అంది. బండి ఇంకా కదలలేదు. ఆమెకు డ్యూటీ వేళయింది. జనంలో తోవ చేసుకుంటూ, ఆ కొండదారిలో దెబ్బతిన్న ఎడమ కాలును కొంచెం ఈడుస్తూ గేటు వైపు వెళ్ళిపోయింది.