జత కుదరని మచ్చలు

కొత్తవాడకు కోడలినై వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, మా ఆయన నేసే జంపఖానాలో ఎడమ పక్క పువ్వు ఉంటే కుడి పక్కా అదే పువ్వు ఉండాలి. లేకపోతే ఆయనకు ముద్ద దిగదు.

ఇప్పుడు ఇద్దరికీ ఓపిక లేదు. నడుము లాగుతుంటే నేను నూలు కండెలు చుట్టడం కూడా తగ్గించాను. పని దొరకడమూ కష్టంగానే ఉంది. చాలా రోజులకు ఒక్కటి వచ్చింది. అది కుదరకపోతే మగ్గం అమ్మేద్దామని ఆయనే అన్నాడు.

పని ఇచ్చింది హన్మకొండ అమ్మాయి. కెన్యాలో పిట్టల మీద చదువుతోంది, సెలవులకు ఇంటికొచ్చింది. అక్కడ హిండ్స్ బ్యాబ్లర్ అనే పిట్ట ఉందట. పొలాల పక్కన పొదల్లో బతుకుతుంది, ఆ పొదలు కొట్టేస్తుంటే తగ్గిపోతోంది. అక్కడి ఊరి పిల్లలు దాన్ని గుర్తుపట్టేలా బడి గోడకు కట్టే జంపఖానా కావాలంది. ఎదురుగా కూర్చున్న పిట్ట ఫోటో ఇచ్చింది. ఎర్రటి కన్ను, ఒంటి నిండా సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు. ఏ రెండు పిట్టలకూ మచ్చలు ఒకేలా ఉండవట.

పిట్ట పూర్తయ్యాక ఆమె వచ్చింది. మగ్గం మీది బొమ్మను చాలాసేపు చూసింది.

"కాకా, మస్తు మంచిగ నేసినవు. గని ఇది ఆ పిట్ట కాదు. మచ్చలు ఇటెట్లున్నయో అటు గూడ గట్లనే ఉన్నయి. గిట్ల సమంగ ఉంటె దాని చుట్టం పిట్ట అనుకుంటరు. ఆ చుట్టానికేం ఫికర్ లేదు, అది మస్తుగున్నది."

తొందర లేదు, మళ్లీ నేయమని చెప్పి వెళ్లింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. దేవుడు పెట్టిన మచ్చలకు కూడా జత కుదర్చాలా అని ఆయన మీద విరుచుకుపడ్డాను. పాడు అలవాటన్నాను, చాదస్తమన్నాను. ఆయన మగ్గం దగ్గరే తల వంచుకుని కూర్చున్నాడు.

"అలవాటు కాదే. ఇటు పక్క ఎట్లనో నేసిన. అటు వచ్చేవరకు ఫోటోల ఏం కనబడలే. జత కుదిరితె చేతులే నేస్తయి, కండ్లతోని పనిలేదు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. రేపు కండ్ల దవాఖానకు పోదామన్నాను. ఆయన లేచి జంపఖానా మీద వేలు పెట్టి, విప్పాల్సింది ఇక్కడి నుంచే కదా అని అడిగాడు.

వేలు పిట్టను దాటి, ఉత్త అంచు మీద ఉంది.