బాపు మాటు వేయించని రేడియేటర్

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, వెనక సీటు పేరుకు మాత్రమే. వయసులో నా కంటే చాలా పెద్దది.

మా బాపు మల్లయ్య బొగ్గుబాయిలో ఊరే నీళ్లు తోడే పంపు ఆపరేటర్. ఒక ఆఫీసరు గారిదైన ఆ కారును ప్రతి ఆదివారం కడిగి, స్టార్టు చేసి పెట్టేవాడు. ఆయన రిటైరై కోస్తాలోని సొంతూరికి వెళ్లిపోతూ "నువ్వే ఉంచుకో మల్లయ్యా" అని తాళాలు చేతిలో పెట్టారు. కాగితాలు మాత్రం ఆయన పేరు మీదే ఉండిపోయాయి.

పంపు ఆపరేటర్ ఇంటి ముందు స్పోర్ట్స్ కారు... ఇక మా క్వార్టర్ల లైనులో ఎవరికి నిద్ర పడుతుంది? ఎదురుపడితే బాగానే పలకరించేవారు. మేం నాలుగడుగులు ముందుకు వేయగానే గుసగుసలు. "గింత జీతానికి గంత కారు ఎట్లొచ్చిందే?" అనడం నేనే చెవులారా విన్నాను.

ఆ కారుకో జబ్బు... రేడియేటర్ లీకు. రాత్రి పోసిన నీళ్లు తెల్లారేసరికి నేల మీద ఉండేవి. నల్లా దగ్గర వంతు కోసం నిలబడి నీళ్లు పట్టే మా అమ్మకు ఒళ్లు మండేది. "డ్యూటీల నీళ్లు తోడుడు, ఇంటికాడ నీళ్లు పోసుడు... గిదేం బతుకయ్యా నీది?" అని బాపు మీద విసుక్కునేది.

చివరికి ఒక సెలవు రోజున బాపు రేడియేటర్ విప్పి, గోనెసంచిలో చుట్టి, సైకిల్ వెనక కట్టాడు. బసంత్‌నగర్ దగ్గర లారీల రేడియేటర్ల చిల్లులకు మాటు వేసే షెడ్డు ఉండేది. బస్టాండు దాకా సైకిల్, అక్కడి నుంచి బస్సు. నేనూ వస్తానని ముందు కడ్డీ మీద ఎక్కి కూర్చున్నాను.

పక్క క్వార్టర్ రాజన్న కాక గోడ మీంచి చూసి "ఎటు పోతున్నవే మల్లయ్యా?" అన్నాడు.

"గీడికే" అన్నాడు బాపు.

బయల్దేరేటప్పుడు ఎటు అని అడిగితే మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పరు... చెబితే పని చెడుతుందని పట్టింపు. 'గీడికే' అన్న ఆ ఒక్క మాటే మా కొంప ముంచిందేమో అని ఇప్పటికీ నా అనుమానం.

ఎందుకంటే బస్టాండు దారిలో ఉన్న కంపెనీ చెక్‌పోస్టు దగ్గర సెక్యూరిటీ జమేదారు మమ్మల్నే ఆపాడు. మా ముందు ఎన్ని సైకిళ్లు వెళ్లలేదు! సంచీలు వాళ్లకూ ఉన్నాయి కదా...

"సంచి ఇప్పు" అన్నాడు.

పాతకాలం రేడియేటర్... అంతా రాగి, ఇత్తడి. బాయి కేబుళ్లు కోసి రాగి అమ్ముకునే దొంగలు తిరిగే కాలం అది. రాగితో దొరికితే చార్జిషీటు. ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు క్వార్టరూ పోతుంది. ఆ సంగతి మా లైనులో నా అంత పిల్లలకు కూడా తెలుసు.

"ఏ జీపుది విప్పినవ్?"

"నా కారుది సార్. లీకైతుంది, మాటేయించనీకి పోతున్న."

"నీ కారుదా!" అని జమేదారు నవ్వాడు. పక్కనున్న గార్డు కూడా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

జీపులో మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చారు. లైనంతా బయటికొచ్చింది. కారును చూసి కూడా జమేదారుకు నమ్మకం కుదరలేదు. "జీపుది విప్పి నీ కారుదంటున్నవేమో. నీది లీకన్నవు గద, బిగించి చూపెట్టు" అన్నాడు.

బాపు బిగించడం మొదలుపెట్టాడు. నట్లు కిందపడుతుంటే నేను ఏరి ఇచ్చాను. అందరికంటే ముందు బిందెతో నీళ్లు తెచ్చింది రాజన్న కాకే. నీళ్లు పోశారు. వంగి చూశారు... ఒక్క చుక్క కూడా పడలేదు. రాత్రంతా పడితే గానీ తెలియని లీకు, నిలబడి చూస్తే కనిపిస్తుందా?

"ఏదయ్యా లీకు?"

"ఇంజిన్ వేడెక్కాలె సార్" అని బాపు కారు స్టార్టు చేశాడు.

రోజూ ఆ లీకును తిట్టిపోసే మా అమ్మ నేల మీద కూర్చుని, కారు కింద అరచెయ్యి పెట్టి, కనిపించిన దేవుళ్లందరికీ మొక్కింది. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. ఒక్కసారిగా "పడ్డది! పడ్డది!" అని అరిచి, తడిసిన చెయ్యి జమేదారు ముఖం ముందు పెట్టింది. లైనంతా చప్పట్లు కొట్టింది. జమేదారు కూడా వంగి చూసి, "సరే తియ్... మల్ల గిట్ల సంచీల చుట్టుకొని తిరగకు" అని వెళ్లిపోయాడు.

ఆ చప్పట్లు కొట్టిన చేతుల్లో ఒకటి చెక్‌పోస్టుకు కబురు పంపిందే అయ్యుంటుంది. అమ్మ అనుమానమంతా రాజన్న కాక మీదే. ఆ ఇంటికి పాలల్లోకి తోడు ఇవ్వడం మానేసింది. ఆయన చనిపోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. చెప్పింది ఆయనో కాదో మాకు ఎప్పటికీ తెలియలేదు... ఆయన కాకపోతే మేం చేసింది ఎంత అన్యాయం!

కొన్నాళ్లకు అమ్మే అడిగింది, "మాటేయించవా?" అని.

"వద్దు" అన్నాడు బాపు. "గిది లీకైతుంటేనే మంచిది. ఎవడన్న మల్ల అడిగితే చూపెట్టనీకి ఉండాలె."

కారు ఉన్నన్నాళ్లూ దానికి మాటు పడలేదు. ఆ తర్వాత అమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు... దాని కోసం తనే ఒక బిందె నీళ్లు పక్కన పెట్టేది.

ఇప్పుడు రేడియేటర్లలో రాగి లేదు, ఏది కొన్నా బిల్లు ఫోనుకే వచ్చేస్తోంది. అయినా నేను ఏ షాపు గేటు దగ్గరైనా అడగకముందే బ్యాగు తెరిచి చూపిస్తాను. "నిన్నెవరు అడిగారమ్మా?" అని మా పిల్లలు నవ్వుతారు. పంపు ఆపరేటర్ కూతురు కదా అని ఊరుకుంటాను...

మీ ఇళ్లల్లో కూడా బాగు చేయించకుండా కావాలనే అలా ఉంచేసిన వస్తువు ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి... ఎవరికి చూపించడానికో కూడా చెప్పండి.