వెనకాల వచ్చే అడుగులు

సోమవారం ఉదయం ఆసుపత్రి నడక విభాగంలో సరిగ్గా నడవలేని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ అక్కడి ఉద్యోగి. ఏళ్ల తరబడి అదే మూలన, అదే గోడకి ఆనుకుని ఉన్న బరువు తూచే మిషనుని ఆ రోజెందుకో కుడికాలి చిటికెన వేలితో తన్నింది. మిషను తన ధర్మంగా ముల్లు కదిలించి, మళ్లీ సున్నాకి వచ్చేసింది. ఫిజియో మేడమ్ మాత్రం మామూలు మనిషి కావడానికి వారం పట్టేలా ఉంది.

అలాగని పని ఆగదు కదా! ఆపరేషన్లయిన వాళ్లని ఆరు నిమిషాలు నడిపించి, ఎంత దూరం నడిచారో కొలవడం ఆవిడ ఉద్యోగం. పరుగు కాదు, పందెం కాదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు. కారిడారుకి కొత్త టైల్స్ వేసినప్పుడు నేలమీది గీతలు కాస్తా పోయాయి. దాంతో, కర్రకి బిగించిన కొలత చక్రం దొర్లిస్తూ ఆవిడే మనిషి వెంట వెళ్లేది. పక్కన మాత్రం నడిచేది కాదు. పక్కన ఎవరైనా ఉంటే రోగి తన నడక మరిచిపోయి వాళ్ల నడక నడుస్తాడని చదువుకునే రోజుల్లోనే నేర్పారు. అందుకే ఎప్పుడూ రెండడుగులు వెనక.

ఆ రోజు వచ్చింది టార్చి బాబాయి. సినిమా హాల్లో లైట్లారిపోయాక వచ్చేవాళ్లని టార్చిలైటుతో సీట్ల దాకా చేర్చే పనిలో కుర్రతనంలో చేరి, అందులోనే జుట్టు నెరిపించుకున్నాడు. ఈమధ్యే మోకాలు మార్చారు. మూడొందల మీటర్లు నడిస్తే డాక్టరు రాసిస్తాడు, మేనేజరు టార్చి చేతికిస్తాడు. లేదంటే బయట స్కూటర్లకి కాపలాగా స్టూలు.

"ఎండలో టార్చి ఎందుకు తల్లీ? నేను మాత్రం ఎందుకు?" అన్నాడు మొదటి రోజే.

అంతకుముందు వారం మూడొందలు కొద్దిలో తప్పిపోయాయి. ఇవాళ దాటేస్తాడనుకుంటే లెక్క రెండొందల దగ్గరే చతికిలబడింది.

"నొప్పిగా ఉందా బాబాయ్ గారూ?"

"అబ్బే, హాయిగా ఉంది."

"ఆయాసం?"

"నాకెందుకమ్మా? నువ్వే కాస్త రొప్పుతున్నావు."

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. మోకాలు ముచ్చటగా ఉంది. గుండె విన్నాడు. అదీ బుద్ధిగానే కొట్టుకుంటోంది. "మరి మనిషి వెనక్కి పోతున్నాడేం?" అని మేడమ్‌నే నిలదీశాడు, ఆవిడేదో దాచినట్టు.

బుధవారం వేలు వాచి ఆవిడ రాలేదు. తాటిచెట్టంత సహోద్యోగి చక్రం పట్టాడు. నాలుగొందల చిల్లర! "మేడమ్, మీరు నాకప్పజెప్పింది పేషెంటునా, రేసుగుర్రాన్నా?" అని ఫోన్ చేశాడు. గురువారం ఆవిడ వచ్చి కొలిస్తే మళ్లీ రెండొందలే.

ఆవిడకి బుర్ర తిరిగిపోయింది. చక్రాన్ని టేపుతో సరిచూసింది. వాచీని గోడగడియారంతో సరిచూసింది. తన మొహం చూస్తే రోగులకి నీరసం వస్తోందేమోనని ఒకసారి అద్దంలో కూడా చూసుకుంది. అద్దం ఏమీ తేల్చలేదు.

"రేపే ఆఖరు. తేలకపోతే స్టూలే. చీకట్లో మెట్లమీద పడితే పూచీ ఎవరిది?" అన్నాడు డాక్టరు.

శుక్రవారం బాబాయితో పిన్ని కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది. నడక మొదలైంది. ముందు బాబాయి, వెనక కుంటుతూ మేడమ్. కాసేపు చూసి పిన్ని ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇదేం నడకమ్మా! బజారుకెళ్తే ఈ మనిషి వీపు తప్ప నేను మొహం చూసెరగను. ఇక్కడేమో వెనకాల మహారాణి వస్తున్నట్టు!"

మేడమ్ టక్కున ఆగింది. ముందు బాబాయీ ఆగాడు, వెనక్కి చూడకుండానే. ఆవిడ ఒకడుగు వేసింది. ఆయనా ఒకడుగు వేశాడు. ఆగింది. ఆగాడు.

"ఎందుకాగారు బాబాయ్ గారూ?"

"నువ్వాగావుగా! వెనక వచ్చేవాళ్లని వదిలేసి నేను పోతే, చీకట్లో ఎవరి ఒళ్లో కూర్చుంటారో ఏమో."

"అయితే నేను కుంటుతుంటే..."

"చప్పుడు తెలుస్తూనే ఉంది. అందుకే మెల్లగా నడిచా. మొన్న ఆ పొడుగాయన మాత్రం, సినిమా సగమైపోయినట్టు తరుముకొచ్చాడు."

ఇన్నాళ్లూ తను కొలిచింది ఎవరి కాళ్లో మేడమ్‌కి అప్పుడర్థమైంది. ఆయన్ని కాసేపు కూర్చోబెట్టి, కారిడారు కొలిచి, ఆ చివరొక కుర్చీ, ఈ చివరొక కుర్చీ వేసింది. వాటి చుట్టూ తిరగమని చెప్పి గోడవారన నిలబడింది. బాబాయి కదల్లేదు. వెనక్కి చూశాడు.

"ఎవరూ రావట్లేదేం?"

చదువులో ఎవరూ నేర్పని మాట ఆవిడ నోటికొచ్చింది. "ఆట అయిపోయింది బాబాయ్ గారూ. జనం వెళ్లిపోయారు. తలుపులేసుకుని మీరు ఇంటికెళ్లడమే."

బాబాయి బయల్దేరాడు. కొత్త మోకాలు, పాత మోకాలు పోటీలు పడ్డాయి. ఆరో నిమిషం అయ్యేసరికి మూడొందలు ఎప్పుడో దాటేశాడు. మేడమ్ ఒంటికాలి మీదే చిన్న గంతేసి, వెంటనే "అమ్మో" అనుకుంది.

పిన్ని మాత్రం సంతోషించలేదు. కొంగు నడుముకి దోపుకుని లేచింది.

"అయితే ఈ మేడమ్ కుంటితే చెవులు వినిపిస్తాయన్నమాట! ముప్ఫై ఏళ్లుగా సంచులు మోసుకుంటూ వెనకాల పరిగెత్తుతున్నాను, నా కోసం ఒక్కసారైనా ఆగారా?"

బాబాయి చెమట తుడుచుకుని అన్నాడు: "నువ్వెప్పుడైనా టికెట్టు కొన్నావా?"