ఏడవని బొమ్మ

పిల్లల వార్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆయా దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ ఆమె హెడ్మాస్టరమ్మే. ఊరికే వచ్చిన బిరుదు కాదది. మందు ఎలా ఇవ్వాలో బిడ్డ తరఫువాళ్ళు తమ చేత్తో చేసి చూపిస్తే తప్ప ఆ నర్సు ఎవరినీ ఇంటికి కదలనివ్వదు. "అర్థమైంది సిస్టర్" అంటే ఆమె దగ్గర పప్పులుడకవు. "అర్థమైతే చెయ్యండి, చూస్తాను" అంటుంది. ఆ పరీక్షకు ఒక గుడ్డబొమ్మ ఉంది. ఉతికి ఉతికి దాని కళ్ళు వెలిసిపోయాయి, పాపం.

అలాంటి మనిషిని ఒక బుడ్డోడు ముప్పుతిప్పలు పెట్టాడు. నాలుగేళ్ళవాడు, ఉబ్బసం. ఛాతీలో పిల్లికూతలతో రావడం, తేరుకుని వెళ్ళడం, మళ్ళీ రావడం. ఈసారి పెదాలు నీలమెక్కి వచ్చాడు. ఆక్సిజన్ పెట్టి గట్టెక్కించేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకోసారి ఇలా వస్తే దక్కుతాడో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు.

వాడికిచ్చింది రోజూ పీల్చే ఇన్‌హేలరు పంపు. దానికి పొడవాటి గొట్టం, గొట్టం చివర ముక్కూ నోరూ కప్పే మాస్కు. వాడి తల్లి వచ్చిన ప్రతిసారీ బొమ్మ మీద వంక పెట్టలేనట్టు చేసి చూపించింది. మరి మందంతా ఎటు పోతున్నట్టు?

డాక్టరు మోతాదు పెంచుదామన్నాడు.

"ఒక్క పూట ఆగండి సార్. ఇచ్చిన మందు లోపలికి పోతోందో లేదో తేల్చుకుని చెప్తాను."

"మంచిది. మీరు తేల్చాకే రాస్తాను" అన్నాడాయన.

ఆమె నేరుగా తల్లి దగ్గరికెళ్ళింది. "ఇంట్లో మందు ఎవరిస్తారమ్మా?"

తల్లి మెల్లిగా చెప్పింది. "నేను తెల్లారకముందే బట్టలు కుట్టే కంపెనీకి పోవాలి సిస్టర్. మా అత్తయ్య ఇస్తుంది. నేనే నేర్పాను. ఒక్క పూట కూడా మానదు."

నాయనమ్మను పిలిపించారు. ఆవిడ బొమ్మను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మాస్కు మూతికి అదిమిపెట్టి, పంపు నొక్కి చూపించింది. తప్పు పట్టడానికేం లేదు. నర్సు మొహం చిన్నబోయింది. అయినా పట్టిన పట్టు వదిలే రకం కాదు కదా.

"ఇప్పుడు వాడికి ఇవ్వండి పెద్దమ్మా."

మాస్కు కనబడగానే బుడ్డోడు రాగం అందుకున్నాడు. పెద్దావిడ చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది. మాస్కుకీ మొహానికీ మధ్య వేలు దూరేంత సందు. పంపు నొక్కగానే మందు ఆ సందులోంచి గాల్లో కలిసిపోయింది.

"అదేంటి, ఎత్తి పట్టుకున్నారు?"

"ముక్కూ నోరూ కలిపి మూసేస్తే పిల్లాడికి ఊపిరెలా ఆడుతుంది తల్లీ? అసలే ఆయాసం. అలా ఏడుస్తుంటే నాకు చెయ్యి రాదు."

నర్సుకు ఒళ్ళు మండింది. అయితే పెద్దావిడ మీద కాదు, బొమ్మ మీద. అది ఏడవదు, తన్నదు, ఊపిరి పీల్చదు. ఇన్నేళ్ళూ దాన్ని నమ్ముకుని పరీక్షలు పెట్టిన తన తెలివికి ఏం చెప్పాలి!

వేరే కొత్త మాస్కు తెచ్చి, మందు లేని గొట్టానికి తగిలించి పెద్దావిడ చేతికిచ్చింది. "మీరే పెట్టుకోండి. గట్టిగా అదిమి పీల్చండి."

ఆవిడ భయంభయంగా పెట్టుకుంది. గొట్టంలో ఊపిరికి కదిలే చిన్న రేకు టిక్కుటిక్కుమంటూ తెరుచుకుంది, మూసుకుంది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఊపిరాడుతోందే!"

"ఆడుతుంది. ఇప్పుడు నేనే మీ మనవణ్ణి." హెడ్మాస్టరమ్మ చెప్పులు విడిచి మంచమెక్కి, కాళ్ళు తపతపా కొట్టుకుంటూ గుక్కపెట్టి ఏడవడం మొదలుపెట్టింది. వార్డంతా పగలబడి నవ్వింది. బుడ్డోడు ఏడుపు మర్చిపోయి నోరు తెరుచుకుని చూశాడు. పెద్దావిడ ఇంకో మాస్కు తీసుకుని ఆమె మొహానికి పెట్టింది.

"ఎత్తేశారు! మళ్ళీ! నేను నిమ్మళించేదాకా పంపు నొక్కకండి. మాస్కు మాత్రం కదలకూడదు."

చివరికి బుడ్డోడి వంతు వచ్చింది. పెద్దావిడ వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని మాస్కు పెట్టింది. "నానమ్మా, వద్దూ" అన్నాడు వాడు. ఆ చెయ్యి మళ్ళీ వెనక్కి రాబోయింది. సాయం చెయ్యకుండా ఉండటానికి నర్సు తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అంతకన్నా కష్టమైన పని ఆమె ఆ రోజు చెయ్యలేదు.

"ఊపిరాడుతుందిరా నాన్నా. నేను పెట్టుకుని చూశాగా" అంటూ పెద్దావిడ మాస్కును తనంతట తనే అదిమిపెట్టింది. వాడు కాస్త నిమ్మళించాక పంపు నొక్కింది. రేకు టిక్కుటిక్కుమంది.

"అయితే ఇన్నాళ్ళూ మందు గాలికి పోశానా నేను?" అందావిడ కళ్ళు తుడుచుకుంటూ.

"మీకు కాక బొమ్మకు నేర్పాను నేను. ఇక ఆ మాట వదిలేద్దాం."

మోతాదు పెంచలేదు. నాయనమ్మ చేత్తో ఇచ్చిన అదే మందుతో పిల్లికూతలు తగ్గుముఖం పట్టాయి. ఇంటికెళ్ళే రోజు నర్సు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంటి దగ్గర నేనుండను పెద్దమ్మా. వాడు ఏడిస్తే?"

పెద్దావిడ మనవణ్ణి చంకకెత్తుకుంది.

"ఏడవనీ తల్లీ. బతికుంటేనేగా ఏడ్చేది."

హెడ్మాస్టరమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది.