లడ్డు వేలంలో చెయ్యెత్తిన లెక్కల సారు

లెక్కల సారు పోయారు. మంగళవారం పొద్దున్నే దవాఖాన నుంచి ఆయన ఇల్లాలు ఫోను చేసింది. "మీ సారు ఇగ లేరన్నా" అంది, అంతే. నేను కొట్టంలో ఉన్నాను. గడ్డి వేయడం పూర్తిచేసే బయలుదేరాను. ఆవులకు చావు కబురు తెలియదు కదా.

సారు గురించి చదువుకున్నవాళ్లు రాస్తారు. వాళ్లు రాసేది ఆయన కాగితాల గురించి. మనిషి గురించి నాకు వచ్చిన నాలుగక్షరాల్లో నేను రాస్తాను.

ఆయన పుట్టింది మహేశ్వరం దిక్కు, కంది చేల మధ్య. పట్నంలో పెద్ద చదువులు చెప్పారు. మన దగ్గర ఎవరూ పట్టించుకోని రోజుల్లోనే ఆటల లెక్క, అదే ఇంగ్లీషులో గేమ్ థియరీ అంటారట, పట్టుకున్న తొలితరం మనిషి. పై దేశాల పండితులు శంషాబాద్ వెతుక్కుంటూ వచ్చి, మా గల్లీలో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని ఆయన చెప్పేది రాసుకునేవారు. నెత్తి మీద విమానం పోతుంటే సారు మాట ఆపేవారు. అది పోయాక ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు.

ఆటల లెక్క అంటే జనం వేరే అనుకున్నారు. మ్యాచ్ ఉన్న రోజు పోరగాళ్లు గేటు దగ్గర చేరేవారు.

"సారూ, ఇయ్యాల ఎవరు గెలుస్తరు?"

"పందెం కట్టించుకునేటోడు గెలుస్తడు. ఇగ నడువుండ్రి."

ఇంతకీ ఏం లెక్క అని నేనూ ఒకసారి అడిగాను. "ఇద్దరు మనుషులుంటరు. ఒకనికి మంచి జరుగుడు ఇంకొకడు ఏం చేస్తడో దాని మీద ఉంటది. అప్పుడు ఎవడు ఏం చెయ్యాలె? గంతే" అన్నారు.

"దీనికి గంత చదువెందుకు సారూ? మా ఇంట్ల రోజూ ఉన్నదే."

"అందుకే మీ పక్కన ఇల్లు కట్టుకున్న" అని నవ్వారు.

నిజమే. నాకూ నా తమ్ముడికీ పొలం గెట్టు పంచాయితీ. తుక్కుగూడ దారిలో మా నాయన విడిచిపోయిన చెలకను ఇద్దరం పంచుకున్నాం. నడుమ గెట్టు ఎవరు జరిపారో దేవుడికి తెలుసు, నాకూ తెలుసు. వాడే. అప్పటి నుంచి మాటల్లేవు.

ఒక ఏడు వినాయకుడి లడ్డు వేలంలో ఇద్దరం ఎదురుపడ్డాం. లడ్డు దక్కినవాడు దాన్ని నలుగురికీ పంచి, కొంత తన పొలంలో చల్లుకుంటాడు. పంటకు మంచిదని నమ్మకం. వాడు పాడితే నేను ఇంకా పైకి పాడాను. నేను పాడితే వాడు. పాట చేతిలో ఉన్న డబ్బు దాటిపోయింది, ఇక చెలక అమ్మి కట్టాల్సిందే. వెనక కుర్చీలో ప్లాట్ల వ్యాపారి కాలు మీద కాలేసుకుని, "పాడు పెద్దన్నా, తమ్మునికి తగ్గుతవా?" అని ఎగదోస్తున్నాడు. తగ్గే రక్తం కాదు నాది.

అప్పుడు సారు చెయ్యెత్తారు. దేవుడికి దండం కూడా పెట్టని మనిషి! మండపం మొత్తం తిరిగి చూసింది. నేను కూర్చున్నాను. వాడూ కూర్చున్నాడు. వాడికి పోవద్దన్నదే నా పంతం, సారుకు పోతే నాకేం? వాడికీ అంతే.

మర్నాడు పోయి గట్టిగానే అడిగాను. "ఊరి లడ్డుల మీ చెయ్యేంది సారూ? షుగరున్న మనిషికి లడ్డేంది?"

"గెలిచినోడు ఈ యేడు చెలక అమ్మెటోడు. ఓడినోడు రోషానికి వచ్చే యేడు అమ్మెటోడు. ఎక్కిన్రు గని ఇద్దరికీ దిగనీకి నిచ్చెన లేకుండె. నేను ఏసిన. కూసో, చాయ్ తాగు."

మేడ మీద పుస్తకాలకు గది వేసుకోవాలనుకున్న మనిషి. దానికి దాచిన డబ్బు లడ్డుకు పోయింది, ఆ గది లేదిక. ఆ లడ్డు ముక్కలు గెట్టుకు ఇటూ అటూ ఆయనే చల్లారు. మా చెలక నేటికీ ఉంది. చుట్టూ ప్లాట్ల రాళ్లే.

అయినా మేం మాట్లాడుకోలేదు. సారుకు అదే బాధ. పోయిన నెల మంచాన పడ్డాక, ఒకరికి తెలియకుండా ఒకరిని ఒకే వేళకు పిలిపించారు. మంచానికి ఒక పక్క నేను, మరో పక్క వాడు. మా మొహాలు మార్చి మార్చి చూశారు.

"ఎదుటోడు ముందు మాట్లాడాలని ఇద్దరూ చూస్తున్నరు. గిట్ల కూసున్నోళ్ల గురించే జిందగీ అంత రాసిన. లడ్డుకు తొవ్వ దొరికింది గని దీనికి దొరుకుత లేదు" అన్నారు.

నేను కిటికీ వైపు చూశాను. వాడు చెప్పులు చూసుకున్నాడు. సారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆయనకు పిల్లలు లేరు. పాడె ముందు వైపు మేమిద్దరమే ఎత్తాం. దారి మధ్యలో దింపుడు కల్లం దగ్గర దించాం. అక్కడ పోయిన మనిషిని చెవిలో పిలవాలి, ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే లేస్తాడని. "ఎవరు పిలుస్తరు?" అన్నాడు ఒక పెద్దమనిషి. నేను కుడి చెవి దగ్గర వంగాను. చూస్తే ఎడమ చెవి దగ్గర వాడు. వాడి ఊపిరి నా మొహానికి తగులుతోంది. వాడి గడ్డం తెల్లబడింది. ఇన్నాళ్లూ నేను చూడనే లేదు.

"సారూ" అన్నాను.

"సారూ" అన్నాడు వాడు. అచ్చం మా నాయన గొంతు.

మళ్లీ పిలిచాం. నడుమ సారు ముఖం, ముక్కులో దూది. "ఇగ లేవుండ్రి, పొద్దు పోతుంది" అంటున్నారు వెనక జనం. మా ఇద్దరిలో ఎవరమూ ముందు లేవలేదు.