కమాను పట్టీ మీద గాటు

“మంచం వంకరగా వేశారే, మరియమ్మా.”

“మంచం బాగానే ఉంది మేస్త్రిగారూ. ఈ గోడే వంకర.”

“అయితే గోడను కొలువు.”

జబ్బుతో మంచాన పడ్డ కోటయ్య మేస్త్రిగారికీ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు అవే. మర్నాడు తెల్లవారేసరికి ఆయన పోయారు. ఇది జరిగి చాలా ఏళ్లయింది. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర నేనెక్కిన ఆటో పక్కన ఒక లారీ ఆగింది. కిరసనాయిలూ గ్రీజూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. ఆటోలో ఉన్నవాళ్లంతా ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం ఆకలేసింది. ఏళ్లతరబడి నా కంచంలోకి అన్నం ఆ వాసనతోనే వచ్చింది మరి. అందుకే ఇవాళ మా తమ్ముడి కూతురు సుజాతను కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. సంతకమూ అంకెలూ తప్ప నాకు రాత రాదు. గొంతు కూడా బొంగురు. అర్థం కాని చోట అది మళ్లీ అడిగి రాస్తోంది.

డెబ్బైల్లో మాట. లారీ నడిపే మా ఆయన కామెర్లతో పోయాడు. ఆయన బండి ఎప్పుడూ బాగుచేయించుకునే షెడ్డు ఆటోనగర్‌లో ఉండేది, అది కోటయ్య మేస్త్రిగారిది. అక్కడికి వెళ్లి పని అడిగాను. షెడ్డులో ఆడమనిషికి పనేమిటని ఫిట్టరు సత్యం నవ్వాడు. “ఇక్కడ కూర వండే పని లేదు అక్కా,” అన్నాడు. మేస్త్రిగారు నవ్వలేదు. “ఇనుము కడుగుతావా?” అని అడిగారు. “గిన్నెలు కడిగినట్టే కదండీ,” అన్నాను. “గిన్నె సరిగా కడక్కపోతే కూర పాడవుతుంది. ఇనుము సరిగా కడక్కపోతే మనిషి పోతాడు,” అని కిరసనాయిలు డబ్బా నా ముందుకు జరిపారు.

ఆ మాట పట్టుకుని నేను ఇనుమును తళతళలాడేలా కడిగేదాన్ని. మేస్త్రిగారికి తాంబూలం అలవాటు. ఆకుకు రాయగా వేలికి మిగిలిన సున్నాన్ని గోడకో, స్తంభానికో, ఏది దగ్గరుంటే దానికి తుడిచేసేవారు. షెడ్డంతా తెల్ల చుక్కలే. అవి కూడా నేనే కడిగేదాన్ని. “మీ వేలు కుదురుగా ఉంటే నాకు సగం పని తగ్గేది,” అని విసుక్కుంటే, “పని తగ్గితే నిన్నెందుకు ఉంచుకుంటాను?” అనేవారు.

ఒకసారి పామర్రు నుంచి ఒక ఆసామి తన లారీ తెచ్చాడు. ముందుకు ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం బండి. వాళ్ల నాన్న కొన్నదట. వెనక ఇరుసు మీద బరువు మోసే కమాను పట్టీల కట్టలు రెండూ కుంగిపోయాయి. మేస్త్రిగారు వాటిని విప్పించి, విరిగిన పట్టీలు మార్చి, కొలిమిలో కాల్చి వంపు తెచ్చి, మళ్లీ కట్టించారు. వారం రోజుల పని. తీరా రోడ్డెక్కించాక బండి పీతలా నడిచింది. ముందు భాగం తిన్నగా పోతుంటే వెనక భాగం ఎడమకు జరిగి వస్తోంది. స్టీరింగు ఒక పక్కకు లాగి పట్టుకుంటే తప్ప దారిలో ఉండడం లేదు.

ఆసామికి కోపం వచ్చింది. అప్పటికే మేస్త్రిగారికి ఒక కంట్లో పొర కమ్ముతోంది. ఆ సంగతి ఆటోనగర్ అంతా చెవులు కొరుక్కుంటున్నారు. “కళ్లు కనపడనాయన చేతిలో పెట్టడం నాదే బుద్ధితక్కువ,” అని అందరి ముందూ అనేశాడు. “సాయంత్రానికి తేలకపోతే బండి గుంటూరు తీసుకుపోతాను. ఎందుకు తెచ్చానో అక్కడ కూడా చెబుతాను.” అంత మాట నలుగురిలో పడితే ఇక ఆ షెడ్డుకు ఎవరొస్తారు? మేస్త్రిగారు మాత్రం టైర్లలో గాలి చూశారు, చక్రాలు ఊపి చూశారు, బోల్టుల బిగువు చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. చట్రమే వంగిందేమో, కాల్చి కొట్టాలన్నాడు సత్యం. “కొలవకుండా కొడతావా?” అని ఆయన తాడు తెప్పించారు.

సత్యం మొహం ముడుచుకుని దూరంగా నిలబడ్డాడు. “రా మరియమ్మా, నువ్వు వెనక పట్టుకో,” అన్నారు మేస్త్రిగారు. కుడి పక్క ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్య దాకా తాడు బిగించి, అందిన చోట నా చేత ముడి వేయించారు. తర్వాత అదే తాడు ఎడమ పక్క పట్టాం. ముడి చక్రం నడిమధ్యకు చేరలేదు. రెండు వేళ్లు ఇవతలే ఆగిపోయింది. “అందడం లేదండీ. ఈ పక్క చక్రం వెనక్కి జరిగింది,” అన్నాను. ఆయన వచ్చి ఆ జాగాను వేళ్లతో తడిమి చూసి, “సత్యం, ఎడం కట్ట తిరగేసి ఎక్కించావురా!” అన్నారు. ఆ బండి కట్టల్లో ఇరుసు మీద కూర్చునే నడి బోల్టు సరిగ్గా మధ్యలో ఉండదట. ముందు సగం పొట్టి, వెనక సగం పొడుగు. అటుది ఇటు వేస్తే ఇరుసు ఆ పక్కన వెనక్కి పోతుంది.

“నేనేం చేసేది మేస్త్రీ? గుర్తు లేదు,” అన్నాడు సత్యం.

“లేకపోవడమేంటి? ముందు కొసకు సున్నం బొట్టు పెట్టాను, రెండు కట్టలకీ.”

ఆ బొట్లు నేను చూశాను. ఈయన వేలు మళ్లీ ఊరుకోలేదనుకుని గోకి మరీ కడిగాను. నోరు మూసుకుంటే ఆ నింద ఆయన కంటి మీదకు పోతుంది. చెబితే నా కూడు పోతుంది. ఆసామి నవ్వుతున్నాడు. “బొట్టు పెట్టాడో, పెట్టాననుకున్నాడో!” ఆ నవ్వు చూడలేకపోయాను. “పెట్టారండీ,” అని అరిచాను. నా గొంతు సంగతి తెలుసుగా, పక్క షెడ్డు వాళ్లు కూడా తొంగిచూశారు. “ఆయన పెట్టారు. తాంబూలం సున్నం అనుకుని నేనే కడిగేశాను. తప్పు నాది. ఆయన కన్ను బాగానే ఉంది.”

మేస్త్రిగారు ఆసామి వైపు తిరిగి, “విన్నారుగా. నా షెడ్డులో ఇనుము అంత శుభ్రంగా కడుగుతారండీ,” అన్నారు. పక్క షెడ్డు వాళ్లు పగలబడి నవ్వారు. ఆసామికి కూడా నవ్వాగలేదు. పొద్దు వాలేలోపు కట్ట విప్పి తిప్పి బిగించారు. తాడు మళ్లీ నేనే పట్టాను. ముడి రెండు పక్కలా ఒకే చోట ఆగింది. బండి బందరు రోడ్డు మీద గీత గీసినట్టు పోయింది.

ఆ సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. “బొట్టు చెరిగిపోతుంది కదండీ, ఉలితో గాటు పెట్టకూడదా?” “ఎక్కడ?” అన్నారు ఆయన. “మొదటి పట్టీ ముందు కొస అంచున. బరువు మోసే చోట వద్దు,” అన్నాను. “ఇన్నేళ్లలో నాకెందుకు తట్టలేదు?” అని ఉలి నా చేతికే ఇచ్చారు. ఆనాటి నుంచి కమాను పని అయిన ఏ లారీ అయినా నేను తాడు పట్టి చూసి సరే అంటేనే షెడ్డు దాటేది. పట్టీ అంచున నేను పెట్టే గాటును డ్రైవర్లు మరియమ్మ గాటు అనేవారు. ఇప్పటికీ నలుగురిలో నా తప్పు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. దాని వల్ల నేను చిన్నదాన్ని కాలేదు.

సుజాతా, రాసింది మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించమ్మా. తప్పు నాదని అరిచానే, అక్కడ మాత్రం గొంతు తగ్గించకు. గట్టిగా చదువు.