బటన్ వదిలితేనే వినపడేది

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. సంగనకల్లు గుట్టకింద ఆటో దిగాను. రాళ్లు సెగ కక్కుతున్నాయి. సైన్యంలో సిగ్నల్‌మన్‌గా మంచుకొండలూ చూశాను, ఎడారీ చూశాను. వాటన్నిటికంటే కష్టమైన పోస్టింగు ఇదే: తాగుడు మాన్పించే ఇల్లు.

ఒక దుప్పటి, అన్నానికి స్టీలు తట్ట, రెండు లుంగీలు. బెల్టు, బ్లేడు గేటు దగ్గరే జమ. ఫోను ఆదివారం నాలుగింటికి, ఐదు నిమిషాలు. పంపేటప్పుడు మా ఆవిడ ఒకటే చెప్పింది: "నేను రమ్మనేదాకా ఇంటికి రావద్దు."

మొదటి మూడు రోజులు చేతులు ఎంత వణికాయంటే, పెరుగు గ్లాసు పట్టుకుంటే వెన్న తేలింది. నమ్మకపోతే మీ ఇష్టం.

పక్క మంచం లారీ డ్రైవరుది. గనుల నుంచి ఇనుపరాయి తోలేవాడు. ఇక్కడికి రావడం మూడోసారి.

మొదటి ఆదివారం ఫోనులో మా ఆవిడకు చిరుతపులి కథ చెప్పాను. గుట్ట దిగి వచ్చిన పులి నా చెమట వాసనకే తూలుతూ వెనక్కి పోయిందని. "సరే" అని పెట్టేసింది. రెండో ఆదివారం ఎలుగుబంటి. అప్పుడూ "సరే."

బెంచీ మీద కూర్చుని డ్రైవరు అంతా విన్నాడు.

"ఒకటి అడుగుతాప్పా. మీ మిలిట్రీ వైర్లెస్ సెట్టులో బటన్ నొక్కి మాట్లాడేది కదా. నొక్కినప్పుడు అవతలోళ్ల మాట వినపడతాదా?"

"వినపడదు. వదిలితేనే."

"మరి వదిన ఎప్పుడు మాట్లాడల్లప్పా? నా పెండ్లాం ఫోన్ ఎత్తేదే మానేసింది. నీకు ఇంకా ఎత్తుతాండాది."

మూడో ఆదివారం "ఎట్లుండావు?" అని అడిగి ఊరుకున్నాను. అవతల ఫ్యాను చప్పుడు.

"లైన్ కట్టయిందా ఏంది?" అంది.

"లేదు. వింటాండా."

తర్వాత మెల్లగా అంది. "మోకాలు నొస్తాండాది. నువ్వు తాగి పడిన రోజు నిన్ను ఎత్తినప్పటి నుంచి. నీకు చెప్పలేదు. చెప్తే దాన్ని గూడా కథ చేస్తావని."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. టైమైందని వార్డెన్ భుజం తట్టాడు. "వచ్చే వారం గూడా ఫోన్ చేయి" అంది ఆమె.

చేశాను. ప్రతి వారం ఆమె మాట్లాడింది, నేను విన్నాను. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం "వచ్చేయి" అంది.

గేటు దాకా డ్రైవరు వచ్చాడు. "మళ్లీ ఈడికి రావద్దప్పా. వచ్చేదుంటే నాకు బీడీలన్నా తే." నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

సత్యనారాయణపేటలో మా ఇంటి గడప దగ్గర ఆమె ఎదురొచ్చింది, కుంటుతూ. దారిపొడవునా తయారు చేసుకున్న కథ నోట్లోనే ఉంచుకున్నాను. కాలర్ సర్దే మిషతో దగ్గరికి వచ్చింది. కాలర్ సరిగ్గానే ఉంది. ముక్కు నా నోటి దాకా తెచ్చి గాలి పీల్చింది. నేను మెల్లగా ఊపిరి వదిలాను.

వాసన చూడటం అయిపోయింది. ఆమె వెనక్కి జరగలేదు. చేయి కాలర్ మీదే ఉంది.

గెలిచానని చెప్పను. ఇప్పటికీ సాయంత్రం ఏడయితే గొంతు ఎండుతుంది. అప్పుడు మెడ పక్కన ఆ చేతి బరువు తెలుస్తుంది.